వాడిన రూఫ్ టెంట్, క్యాంపింగ్ సామాను అమ్మాలి: మొత్తం కలిపి పెట్టాలా, విడివిడిగానా?

ఓరుగల్లు_రోడ్డు
స్కార్పియో మీద ఉన్న రూఫ్ టెంట్ (బండి పైకప్పు మీద బిగించి, నిచ్చెనెక్కి పడుకునే మడత టెంట్), దానితో పాటు కూడబెట్టుకున్న సామానంతా అమ్మేస్తున్నా. సుబేదారిలో ఇల్లు ఖాళీ చేసి నక్కలగుట్టలో అపార్ట్‌మెంట్‌కి మారుతున్నాం, అక్కడ సెల్లార్ బీమ్ కిందకి ఈ బండి దూరదు. టెంట్ మడిచి ఉన్నా దాదాపు అడుగు ఎత్తు, కింద క్యారియర్ ఎత్తు వేరే. ప్రతిసారీ నలుగురిని పిలిచి దింపడం, మళ్లీ ఎక్కించడం అయ్యే పని కాదు. దింపినా ఫ్లాట్‌లో ఎక్కడ పెడతాం?

సామాను ఇదీ. ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్లాడు పడుకునే సాఫ్ట్‌షెల్ టెంట్ (పైన గట్టి పెంకు లేని గుడ్డ రకం, కాటన్, పాలిస్టర్ కలిసిన కాన్వాస్. నిచ్చెన, పరుపు, పీవీసీ కవర్ అన్నీ ఉన్నాయి). బండి పక్కన నీడకి లాగే ఆనింగ్ (గుడ్డ పందిరి). 40 లీటర్ల కారు ఫ్రిజ్. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లిథియం బ్యాటరీ పెట్టె. డిక్కీలో పట్టే చెక్క డ్రాయర్లు. కుర్చీలు, మడత బల్ల, స్టవ్. బండి ముందు ఉండే ఇనుప బుల్ బార్ కూడా విప్పి పక్కన పెట్టా, అదీ ఇచ్చేస్తా.

అన్నీ కలిపి లక్షా డెబ్భై వేలని ఒక సైట్‌లో పెట్టి చాలా రోజులైంది. వచ్చే మెసేజ్‌లన్నీ "లాస్ట్ ప్రైస్ చెప్పు అన్నా", "బైక్ ఎక్స్‌చేంజ్ చేస్తావా". ఒక్కరూ ఇంటికొచ్చి చూసింది లేదు. తేడా ఎక్కడ కొడుతోంది? ధరలోనా, నేను పెట్టిన తీరులోనా, లేక మన వరంగల్‌లో ఇలాంటివి కొనేవాళ్లే లేరా?

కాజీపేట_జంక్షన్
ఫోటోలు ఎన్ని పెట్టినవ్ అన్నా? టెంట్ తెరిచి పెట్టినవా, మడిచిన ఫోటోనేనా?

ఓరుగల్లు_రోడ్డు
బండి మీద మడిచి ఉన్నది ఒకటి, లక్నవరం దగ్గర తెరిచి దిగినవి రెండు. ఫ్రిజ్, బ్యాటరీ కలిపి ఒకటి.

కరీంనగర్_కెమెరా
లక్నవరం ఫోటోలు స్టేటస్‌కి బాగుంటాయి కానీ కొనేవాడికి పనికి రావు. వెనక చెరువు, వేలాడే వంతెన కనిపిస్తే వాడు సరదాగా చూసి వెళ్లిపోతాడు. వాడికి కావాల్సింది లోపలి మూలలు, పరుపు అడుగుభాగం, జిప్పుల దంతాలు, కవర్ కుట్లు. నా పాత టెంట్ అమ్మినప్పుడు అడుగున ఉన్న ఒక చిన్న చిరుగుని దగ్గరగా తీసి మొదటి ఫోటోగా పెట్టా. చూడ్డానికి వచ్చినవాళ్లు బేరం ఆడలేదు, ఆడాల్సింది నేనే చెప్పేశా కదా.

సుబేదారి_సుధ
కరీంనగర్_కెమెరా గారు చెప్పింది నిజం. కొనడానికి తిరిగినదాన్ని కాబట్టి చెప్తున్నా, చాలా ప్రకటనల్లో "గుడ్ కండిషన్" అని రెండు మాటలు తప్ప ఇంకేమీ ఉండదు. టెంట్ బరువెంత, మడిస్తే పొడవు వెడల్పు ఎంత, ఏ సంవత్సరంలో కొన్నారు, వానలో వాడారా లేదా, ఇవన్నీ ఫోన్ చేసి అడగాల్సి వస్తే ఎవరు అడుగుతారండీ.

మంచిర్యాల_మామ
ఇంత మంచి సామాను అమ్ముడేంది? కిరాయికి పెట్టు. మేడారం జాతర వచ్చిందంటే ఎన్ని కుటుంబాలు ట్రాక్టర్ల కింద, టార్పాలిన్ల కింద పండుకుంటయ్. 2027లో గోదావరి పుష్కరాలు కూడా ఉన్నయ్. కాళేశ్వరం, ధర్మపురి ఘాట్ల దగ్గర బండి పెడితే డబ్బులే డబ్బులు.

ములుగు_దారి
మామా, మాది ములుగే, జాతర మా ఇంటి ముందు నుంచే పోతది. ఆ దుమ్ము మీరు ఎరగనిది కాదు. తాడ్వాయి దాటాక బండి అద్దం తుడిచిన పది నిమిషాలకి మళ్లీ ఎర్రగా అయితది. ఆ దుమ్ము జిప్పుల్లో పడితే అంతే సంగతులు, ఒక్క జాతరకే టెంట్ జిప్పు పోతది. బెల్లం చేతులతో పిల్లలు ఎక్కి దిగుతుంటే కాన్వాస్ గతేం కావాలె? పుష్కరాలంటారా, 2015లో వచ్చింది జులైలోనే కదా. వానాకాలంలో కిరాయికిచ్చిన టెంట్‌ని ఎవడు ఆరబెట్టి ఇస్తడు?

మంచిర్యాల_మామ
ఆరబెట్టే పని నేను చేస్త, కిరాయిలో సగం నాకియ్యిర్రి 😄

ఓరుగల్లు_రోడ్డు
మామా, పెట్టడానికి చోటు లేకనే కదా అమ్ముతున్నది. కిరాయికివ్వాలన్నా దాన్ని ఎక్కడో దాచాలిగా.

ఆటోనగర్_అన్న
నేను క్యారియర్లు, క్రాస్ బార్లు (రూఫ్‌కి అడ్డంగా వేసే కడ్డీలు) కొట్టే పని చేస్తా. నా దగ్గరికి టెంట్ కొన్నాక వచ్చేవాళ్లే ఎక్కువ. కొనకముందు వస్తే బాగుండు అనిపిస్తది. నీ ప్రకటనలో ఏ బండ్లకి సరిపోతదో రాసినవా తమ్మీ? అది లేకపోతే సగం మంది అక్కడే ఆగిపోతరు.

సంగతేంటంటే బండి నడుస్తున్నప్పుడు రూఫ్ మోసే బరువు వేరే, నిలబడి ఉన్నప్పుడు మోసేది వేరే. నడిచేటప్పుడు పరిమితి చాలా తక్కువ ఉంటది, అది బండి మాన్యువల్‌లోనే రాసి ఉంటది. గుంతలో పడ్డా, మలుపు తిరిగినా, బ్రేక్ కొట్టినా ఆ బరువు ఊగుతది కాబట్టి. టెంట్ 60 కిలోలు అనుకో, బార్లు ఇంకో ఆరేడు కిలోలు, రెండూ కలిపి ఆ పరిమితి లోపల ఉండాలె. చాలామంది టెంట్ ఒక్కదాని బరువే చూసి కొంటరు. రాత్రి బండి ఆగినంక ఇద్దరు ఎక్కి పండుకున్నా రూఫ్‌కి ఏం కాదు, అప్పుడు ఊగుడు లేదు కదా.

బొలెరో లాంటి వాటికి రూఫ్ అంచున నీళ్ల గాడి ఉంటది, దాన్ని పట్టుకునే క్లాంపులు దొరుకుతయ్. జిమ్నీకి కూడా ఆ గాడి ఉంది, కానీ బరువు పరిమితి చూసుకోవాలె. థార్ సాఫ్ట్ టాప్ వాళ్లయితే బయట నుంచి ఫ్రేమ్ లేకుండా ఈ టెంట్ ఊసే ఎత్తొద్దు.

గోదావరిఖని_గని
ఆటోనగర్ అన్నా మంచి మాట చెప్పినవ్. నాకు బొలెరో ఉంది, టెంట్ మీద మనసుంది, ఇదే డౌట్‌తో ఆగిన. మాన్యువల్ తీసి చూస్త.

పాకాల_గాలి
ధర గురించి. మొత్తం లక్షా డెబ్భై అంటే అది చూసి ఎవరూ ముందుకు రారు. అందులో టెంట్ కావాల్సినవాడికి డ్రాయర్లు అక్కర్లేదు, స్కార్పియో కొలతతో చేయించినవి వాడి బండిలో పట్టవు. ఫ్రిజ్ కావాల్సినవాడు టూర్లు తిప్పే డ్రైవర్ కావచ్చు, లేదా చిన్న ఐస్‌క్రీమ్ బండివాడు కావచ్చు, వాడు టెంట్ కొనడు. విడగొట్టు.

కాజీపేట_జంక్షన్
నేను ఒప్పుకోను. విడగొడితే ఫ్రిజ్, బ్యాటరీ వారంలో పోతయ్, టెంట్, డ్రాయర్లు నెత్తిన మిగుల్తయ్. ఇల్లు మారుడు ముందుంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కొత్తగా ఎస్‌యూవీ కొన్నవాడు, మొత్తం సెట్ ఒకేసారి దొరికితే తీసుకుంటడు. వాడికి ఒక్కొక్కటి వెతికే ఓపిక ఉండదు. నా లెక్క ప్రకారం సెట్ ధర లక్షా ముప్పైకి దించి నెల ఆగాలె.

పాకాల_గాలి
అలాంటివాడు వరంగల్ దాకా రావాలి కదా. హైదరాబాద్ వాడికి అక్కడే సామాను దొరుకుతుంది. మనకి దగ్గరవాళ్లు కొనాలి, అంటే చిన్న చిన్న ముక్కలుగా ఇవ్వాలి.

కాజీపేట_జంక్షన్
జాతీయ రహదారి 163 ఎక్కితే హైదరాబాద్ నుంచి మూడు గంటలు. రామప్ప, లక్నవరం, బొగత చూడ్డానికి ప్రతి వారం వస్తనే ఉన్నరు. వచ్చినప్పుడు చూసుకుని పొమ్మని రాయొచ్చు.

కరీంనగర్_కెమెరా
మధ్యే మార్గం ఒకటుంది. రెండు ప్రకటనలు పెట్టండి. ఒకటి టెంట్, ఆనింగ్ కలిపి, ఎందుకంటే రెండూ ఒకే క్రాస్ బార్ల మీద ఎక్కుతాయి, రెంటికీ కొనేవాడు ఒకడే. రెండోది ఫ్రిజ్, బ్యాటరీ కలిపి. మిగతావి ఫోటోలో పక్కన పెట్టి "కావాలంటే అడగండి" అంటే చాలు.

సుబేదారి_సుధ
ఇది నచ్చింది.

ఓరుగల్లు_రోడ్డు
నాకూ ఇదే సరిగా తోస్తోంది. బుల్ బార్ ఎవరికిద్దాం?

జన్నారం_జీపు
బుల్ బార్‌ని ప్రకటన నుంచి తీసేయ్ అన్నా. 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలన్నిటికీ లేఖ రాసింది, బుల్ బార్లు, క్రాష్ గార్డులు ఉన్న బండ్ల మీద చర్య తీసుకోమని. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద వస్తుంది. నడిచి వెళ్లేవాడికి తగిలితే దెబ్బ ఎక్కువ, పైగా ఢీకొన్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ సెన్సార్ పనికి అడ్డం పడే ప్రమాదం ఉంది. దాన్ని ఇంకొకరికి అంటగట్టడం ఎందుకు, పాత ఇనుము కింద ఇచ్చేయ్.

ఇంకో మాట. ప్రకటనలో "అడవిలో ఎక్కడైనా పడుకోవచ్చు" లాంటి మాట ఉంటే కొట్టేయ్. ఏటూరునాగారం, పాకాల, కవ్వాల్ అన్నీ అభయారణ్యాలు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకి వస్తాయి. అనుమతి లేకుండా లోపల రాత్రి ఉండటం నేరం. మా దగ్గరికి ఇలా కొత్త టెంట్ వేసుకుని వచ్చి, కోర్ ఏరియా (అడవి నడి భాగం) దగ్గర పొయ్యి పెట్టి కేసుల్లో ఇరుక్కున్నవాళ్లున్నారు. ఆ పొయ్యి వేసవిలో ఎండుటాకుల మీద పడితే ఎంత అడవి తగలబడుతుందో చూసినవాళ్లకే తెలుసు. కొనేవాడికి నువ్వే చెప్పు: ఫారెస్ట్ వాళ్ల కాటేజీల దగ్గర, టూరిజం వాళ్ల చోట్ల, లేదా ఎవరిదైనా పొలంలో అడిగి పెట్టుకోమని.

ఓరుగల్లు_రోడ్డు
అడవిలో అని రాయలేదు, కానీ "అనుమతి ఉన్న చోట్ల" అని ఇప్పుడే చేర్చా. బుల్ బార్ తీసేశా.

గోదావరిఖని_గని
టెంట్ ఉన్న బండిని పోలీసులు ఆపుతరా? ఇన్సూరెన్స్ సంగతేంది?

జన్నారం_జీపు
ఊళ్లలో ఆపి "ఇదేంది అన్నా" అని చూపించమన్నవాళ్లే ఎక్కువ. ఇన్సూరెన్స్ విషయం మాత్రం నిర్లక్ష్యం చేయకు. బండికి ఏం మార్పు చేసినా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి జవాబు దాచిపెట్టుకో. చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ మొదలవుతుంది.

పాకాల_గాలి
ఓరుగల్లు_రోడ్డు, టెంట్‌కి బూజు ఉందా? ఉన్నది ఉన్నట్టు చెప్పు. వానాకాలం మొదలైంది, కొనేవాడు ఎక్కగానే ముక్కుతోనే చూస్తాడు.

ఓరుగల్లు_రోడ్డు
నిన్న తెరిచి చూశా. తల వైపు కుడి మూలలో, పరుపు ఆనే చోట, కుట్టు వెంట ఆవాల్లాంటి నల్ల చుక్కలు జానెడు పొడవున ఉన్నాయి. బట్ట గట్టిగానే ఉంది, లాగితే చిరగట్లేదు. వాసన కొద్దిగా ఉంది. పై కప్పులో ఎక్కడా లేదు.

ములుగు_దారి
అది వాననీళ్లతో వచ్చింది కాకపోవచ్చు. ఇద్దరు మనుషులు రాత్రంతా వదిలే ఊపిరి తడి చలికాలంలో పరుపు కిందకి చేరి ప్లైవుడ్ చల్లదనానికి నీరవుతది. అందుకే పరుపు కింద గాలి ఆడే జాలీ చాప వేస్తరు. నీ దాంట్లో ఉందా?

ఓరుగల్లు_రోడ్డు
లేదు.

ములుగు_దారి
సరే, ఇట్ల చెయ్. ముందు ఎండలో తెరిచిపెట్టి మెత్తటి పొడి బ్రష్‌తో ఆ చుక్కలు దులుపు, ముక్కుకి గుడ్డ కట్టుకో. తర్వాత తెల్ల వెనిగర్ ఒక పాలు, నీళ్లు నాలుగు పాళ్లు కలిపి గుడ్డతో అద్దు, రుద్దకు. గంట ఆగి మంచినీళ్లతో తుడిచి పూర్తిగా ఆరనియ్. బ్లీచింగ్ జోలికి పోకు, కాన్వాస్ రంగు పోతది, దారం బలహీనమైతది. చుక్కల మరక పూర్తిగా పోకపోవచ్చు, కానీ వాసన తగ్గుతది. బట్టల పౌడర్ కూడా వద్దు, నీళ్లు నిలవనియ్యని పూత కొట్టుకుపోతది. ఆఖరికి నీళ్లు జారే స్ప్రే ఒకటి కొట్టు.

ఆరిన తర్వాత పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టి లోపల కూర్చుని వీడియో తీయ్. చుక్క కారకుంటే ఆ వీడియోనే నీ టెంట్‌ని అమ్ముతది.

సుబేదారి_సుధ
ఈ వీడియో ఆలోచన చాలా బాగుంది. నేనైతే ఇంకొకటి కూడా అడుగుతా: లోపల వైపు పూత వేలికి అంటుకుంటుందా? కొన్ని పాత టెంట్ల కవర్ల లోపల పూత జిగటగా అయిపోతుంది, పొరలు పొరలుగా రాలుతుంది, ఒక రకమైన పుల్లటి వాసన వస్తుంది. వేడి, తేమ కలిసి ఆ పూతనే తినేస్తాయి. అది వచ్చాక బాగుచేయడం ఉండదు. అలాంటిది ఉంటే టెంట్ ధర సగానికి పడిపోవాలి.

ఓరుగల్లు_రోడ్డు
రెయిన్ ఫ్లై (టెంట్ పైన వేసే వాన గుడ్డ) లోపల వేలితో రుద్ది చూశా, పొడిగా నునుపుగా ఉంది. వీడియోలో అదీ చూపిస్తా.

ఆటోనగర్_అన్న
దింపేటప్పుడు ఒక జాగ్రత్త. కింద పట్టాలకి 8 ఎంఎం బోల్టులు ఉంటయ్, 13 నంబర్ స్పానర్ పడతది. స్టెయిన్‌లెస్ బోల్టుకి స్టెయిన్‌లెస్ లాక్ నట్టు ఉంటే నట్లు విప్పే గన్ పెట్టి జోరుగా తిప్పకు. వేడెక్కి మర రెండూ ఒకదానికొకటి పట్టేస్తయ్, ఇగ కోయాల్సిందే. కొద్దిగా నూనె వేసి చేత్తో నిదానంగా తిప్పు. బోల్టులు, ప్లేట్లు, స్పానర్ అన్నీ ఒక సంచిలో వేసి నిచ్చెనకి కట్టు. కొన్నవాడు నా దగ్గరికొచ్చి "అన్నా ఈ సైజు ప్లేటు ఉందా" అని అడిగినప్పుడల్లా బాధైతది, ఆ ప్లేట్లు విడిగా దొరుకుడు మస్తు కష్టం.

కాజీపేట_జంక్షన్
ఆటోనగర్ అన్న ఫోన్ చేసి అరిచినా ఇంత వివరంగా చెప్పడు, ఇక్కడ టైపు చేస్తుండు. ఈ పోస్టు దాచుకుంటున్న.

టూరు_డ్రైవర్_హనుమకొండ
ఫ్రిజ్ గురించి అడుగుతున్నా. నాకు ఇన్నోవా ఉంది, తిరుపతి, శ్రీశైలం ట్రిప్పులు కొడతా. వెనక 12 వోల్టుల సాకెట్‌కి పెడితే నడుస్తదా? మా దోస్తుది ఒకటి అలాగే పెడితే కొంచెంసేపటికి ఎర్రర్ చూపించి ఆగిపోతుంది.

పాకాల_గాలి
దోస్తు ఫ్రిజ్ చెడలేదు, వైరు సన్నం. వెనక సాకెట్ దాకా వచ్చే ఫ్యాక్టరీ వైరులో వోల్టేజీ పడిపోతుంది, కంప్రెసర్ స్టార్ట్ అయ్యే ఆ క్షణంలో ఇంకా పడుతుంది, ఫ్రిజ్ బ్యాటరీ అయిపోయిందనుకుని ఆగుతుంది. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, మధ్యలో ఫ్యూజు వేయించు. బ్యాటరీ రక్షణ సెట్టింగ్ ఎక్కువ, మధ్య, తక్కువ అని ఉంటుంది. బండి బ్యాటరీకి అయితే ఎక్కువలో పెట్టు, తెల్లారి బండి స్టార్ట్ కావాలి కదా.

కొనేటప్పుడు ఖాళీ ఫ్రిజ్ చల్లబడిందని మురిసిపోకు. మామూలు నీళ్ల సీసాలు నింపి రెండు మూడు గంటలు నడిపించి చూడు. మూత రబ్బరు చుట్టూ కాగితం పెట్టి మూసి లాగు, సులువుగా వచ్చేస్తే అక్కడ చల్లదనం పోతున్నట్టే.

టూరు_డ్రైవర్_హనుమకొండ
అయితే ఫ్రిజ్ ఒక్కటే ఎంత? బ్యాటరీ వద్దు నాకు.

ఓరుగల్లు_రోడ్డు
ఫ్రిజ్ 20 అనుకున్నా. వచ్చి నీళ్ల సీసాలు పెట్టి చూసుకుని మాట్లాడుదాం. ఇన్‌బాక్స్‌లో అడ్రస్ పెట్టా.

కాజీపేట_జంక్షన్
చూసినవా, సెట్ విడిపోవుడు మొదలైంది 😄 బ్యాటరీ ఎవరు కొంటరు ఇప్పుడు?

కరీంనగర్_కెమెరా
బ్యాటరీ నాకు పనికొస్తుంది, షూటింగ్‌లో లైట్లకి. బిల్లు ఉందా? లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 100 ఏహెచ్ అంటే 12.8 వోల్టుల దగ్గర 1,280 వాట్ అవర్లు. పూర్తిగా ఛార్జ్ చేసి 100 వాట్ల డీసీ లోడ్ పెడితే పన్నెండు గంటల దగ్గరలో నడవాలి. తొమ్మిది గంటలకే ఆగితే ఆ మేరకు ధర తగ్గిద్దాం. ఇది పేచీ కోసం కాదు, ఇద్దరికీ లెక్క తేలుతుంది.

ఓరుగల్లు_రోడ్డు
బిల్లు ఉంది, 2022ది. ఆ పరీక్ష పెట్టుకుందాం, నాకూ నిశ్చింత.

ఇంతలో ఒకాయన టెంట్‌కి మెసేజ్ చేశాడు. తాను ఆర్మీలో పని చేస్తున్నానని, సికింద్రాబాద్ నుంచి పోస్టింగ్ మారిందని, చూడకుండానే అడిగిన ధర ఇస్తానని అంటున్నాడు. ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు ఫోటోలు కూడా పంపాడు. పది రూపాయలు టెస్ట్‌గా వేసి, తర్వాత ఒక క్యూఆర్ పంపి స్కాన్ చేస్తే మొత్తం వస్తుందంటున్నాడు.

సుబేదారి_సుధ
వద్దు!! స్కాన్ చేయకండి.

జన్నారం_జీపు
బ్లాక్ కొట్టు వెంటనే.

గోదావరిఖని_గని
గీ కథ మా కాలనీలో ఒకరికి అయింది. డబ్బు మనకి రావాలంటే మనం స్కాన్ చేసుడు ఉండదు, పిన్ కొట్టుడు ఉండదు. పిన్ కొట్టినమంటే మన ఖాతాలకెల్లి పోతున్నట్టే. ఇప్పటికే ఎవరైనా కొట్టి ఉంటే 1930కి వెంటనే ఫోన్ చెయ్యాలె, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

సుబేదారి_సుధ
ఆ కార్డులు కూడా ఎవరో నిజమైన జవాను దగ్గర దొంగిలించిన ఫోటోలే అయి ఉంటాయి. చూడకుండా, బేరం ఆడకుండా 60 కిలోల టెంట్ కొనేవాళ్లు ఎక్కడా ఉండరు.

ఓరుగల్లు_రోడ్డు
బ్లాక్ చేశా, సైట్‌లో రిపోర్ట్ కూడా కొట్టా. క్యూఆర్ చూడగానే నాకూ అనుమానం వచ్చే ఇక్కడ అడిగా. మా తమ్ముడు పక్కనే ఉండి "స్కాన్ చేయరాదూ" అంటున్నాడు, మీ జవాబులు చదివి వినిపించా.

పాకాల_గాలి
మంచి పని చేశావు. నిజమైన కొనుగోలుదారైతే బయానా ఇస్తానంటాడు, చూడ్డానికి వస్తానంటాడు. బయానా తీసుకున్నా ఏ రోజు దాకా ఆపుతావో, రాకపోతే ఎంత తిరిగిస్తావో మెసేజ్‌లో రాసుకో. మాట మీద వదిలేస్తే తర్వాత మనసులు చెడతాయి.

హైదరాబాద్_కొత్తబండి
టెంట్ నాకు ఆసక్తి ఉంది, కానీ రాలేను. పార్సిల్ సర్వీసులో పంపుతారా?

ములుగు_దారి
నేను ఒకసారి లారీ పార్సిల్‌లో తెప్పించుకున్నా. నిచ్చెన సొట్ట పడి వచ్చింది, పైపు లోపలికి దూరకుండా. ఆఫీసువాళ్లు రసీదు వెనక రాసిన షరతులు చూపించారు, అంతే. పంపాల్సి వస్తే నిచ్చెనని విడిగా చుట్టి, మూలలకి థర్మకోల్ పెట్టి, చెక్క చట్రం కొట్టించాలె. బుక్ చేసేముందు అన్ని వైపులా ఫోటోలు తీసి విలువ రాయించాలె. ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి. స్టవ్ డబ్బాలు మాత్రం అందులో పెట్టకండి, గ్యాస్ ఉన్నది ఎవరూ తీసుకోరు, తీసుకోనూ కూడదు.

ఓరుగల్లు_రోడ్డు
హైదరాబాద్_కొత్తబండి గారూ, దగ్గరవాళ్లు చూసుకున్నాక మీకు చెప్తా. చూడకుండా పంపాలంటే నాకే భయంగా ఉంది. ఎక్కించి చూపించి, తెరిచి మడవడం నేర్పించి ఇస్తేనే నాకు తృప్తి.

మంచిర్యాల_మామ
ఇంకొన్ని రోజులు ఆగితే దసరా వస్తది, అప్పటినుంచి సంక్రాంతి దాకా సీజన్. ఇప్పుడు వానల్ల, మొన్నటిదాకా ఎండల్ల ఎవరు పండుకుంటరు టెంట్ల? రామగుండం ఎండకి రాయి కూడా కాగుతది. దసరా ముందు పెడితే ఐదు వేలు ఎక్కువొస్తది.

కరీంనగర్_కెమెరా
మామ మాట సగం నిజం. కానీ మడిచి మూల పెట్టిన టెంట్ ఈ మూడు నెలల వానల తేమకి ఇంకా చెడుతుంది. వచ్చే ఐదు వేలు కంటే పోయేది ఎక్కువ కావచ్చు. ఇప్పుడున్న స్థితిలో ఇచ్చేయడమే మేలు.

గోదావరిఖని_గని
మాన్యువల్ చూసిన, ఆటోనగర్ అన్నతో ఫోన్ల మాట్లాడిన. గాడికి పట్టే క్లాంపులతో మూడు బార్లు వేసి బరువు పంచుతానన్నడు, మొత్తం బరువు పరిమితి లోపలే వస్తుందట. ఓరుగల్లు అన్నా, నీళ్ల పైపు వీడియో చూసిన, ఆ నల్ల చుక్కల మూల కూడా చూసిన. ఆదివారం వస్త. టెంట్, ఆనింగ్ కలిపి ఎంతంటవ్?

ఓరుగల్లు_రోడ్డు
కొన్నప్పుడు టెంట్ ఒక్కటే 92 వేలు. మచ్చ ఉంది కాబట్టి టెంట్ 48, ఆనింగ్ 9 అనుకున్నా.

గోదావరిఖని_గని
ఆనింగ్ వద్దులే అన్నా, మా బావ దగ్గర ఉంది. టెంట్‌కి 44 ఇస్త.

ఓరుగల్లు_రోడ్డు
చూశాక మాట్లాడుదాం తమ్మీ, ఆటోనగర్ దగ్గరే కలుద్దాం. అక్కడే దింపి అక్కడే నీ బండికి ఎక్కిద్దాం, రెండుసార్లు మోసే పని తప్పుతుంది.

ఆటోనగర్_అన్న
పొద్దున పది లోపు రండి, తర్వాత నాకు వెల్డింగ్ పని ఉంది. నలుగురు పోరగాళ్లను ఉంచుత.

ఓరుగల్లు_రోడ్డు
అప్‌డేట్. టెంట్ గోదావరిఖని తమ్ముడికి 46 వేలకి వెళ్లింది. దింపక ముందు నా బండి మీదే తెరిపించి చూసుకున్నాడు, పరుపు ఎత్తి ఆ మూల తనే వేలితో రుద్దాడు, నిచ్చెన ప్రతి మెట్టు దగ్గర పిన్ను పడుతుందో లేదో ఒక్కొక్కటీ నొక్కి చూశాడు. బొలెరో మీద ఎక్కించాక ఆటోనగర్ అన్న బండి తనే ఒక రౌండు తిప్పి తెచ్చి బోల్టులన్నీ మళ్లీ బిగించాడు. కొంత దూరం నడిపాక ఇంకోసారి బిగించుకోమని కూడా చెప్పాడు. పరుపు కింద వేయడానికి జాలీ చాప నేనే కొనిచ్చా.

ఫ్రిజ్ టూరు డ్రైవర్ అన్న 18కి తీసుకున్నాడు. బ్యాటరీ పన్నెండు గంటలకి కొంచెం తక్కువ నడిచింది, కరీంనగర్_కెమెరా గారు ఒక్క మాట బేరం ఆడకుండా ఇచ్చిపుచ్చుకున్నారు. డ్రాయర్ల ప్లైవుడ్ మంచిదే కాబట్టి విప్పించి కొత్త ఫ్లాట్‌లో చెప్పుల అర చేయిస్తున్నా.

గోదావరిఖని_గని
మా పిల్లలు ఇంటి ముందే టెంట్ తెరిపించి రెండు రోజులుగా దిగుతలేరు. వానలు తగ్గినంక కడెం దిక్కు పోతం, టూరిజం వాళ్ల దగ్గర అడిగిన తర్వాతే. జన్నారం అన్నా, మీ దిక్కు వస్తే చెప్త.

జన్నారం_జీపు
రా తమ్మీ, మా పొలంలో పెట్టుకో. నీళ్లున్నయ్, బాత్‌రూమ్ ఉంది.

సుబేదారి_సుధ
ఆనింగ్ ఇంకా ఉందా అండీ? మా క్రెటాకి రూఫ్ రెయిల్స్ ఉన్నాయి, క్రాస్ బార్లు వేయించుకుంటా. లోపల పడుకునే ఉద్దేశం లేదు, రామప్ప వెళ్లినప్పుడు అమ్మానాన్నలకి నీడ పట్టడానికి కావాలి.

ఓరుగల్లు_రోడ్డు
ఉంది. పొడవు రెండున్నర మీటర్లు, బరువు పన్నెండు కిలోల దాకా. ఒక కాలు మడత దగ్గర స్క్రూ వదులుగా ఉంది, అది బిగించి ఇస్తా. మీది సుబేదారే కదా, ఇల్లు మారేలోపు సాయంత్రం వచ్చి చూసుకోండి. మీకు 8 వేలు.

సుబేదారి_సుధ
రేపు ఆరింటికి నాన్నతో వస్తా.